ఒకటో నంబరు గారి సీనియారిటీ

మా సంగీత కళాశాలలో జరిగిన ఈ ఉదంతానికి బాధ్యులెవరన్న దాని మీద ఇప్పటికీ విచారణ నడుస్తోంది. విచారణ సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే కాబట్టి ఆ సంగతి ఇప్పట్లో తేలదు. మీరు బయటివాళ్లు గనక నిజం చెప్పేస్తాను. బాధ్యుణ్ణి కూడా నేనే.

ముప్పై ఒక్క ఏళ్లుగా నేను వయొలిన్ పాఠం చెబుతున్నాను. కంప్యూటరుకీ నాకూ ఉన్న పరిచయం, అది గదిలో ఉంటే నేను వరండాలో ఉండేంత. అలాంటి నన్ను సింథసైజర్ సాఫ్ట్‌వేరు ఎంపిక కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారంటే దానికీ నా నోరే కారణం. ఎప్పుడో కుర్రతనంలో ఒక రికార్డింగ్ స్టూడియోలో సింథసైజర్ పక్క కుర్చీలో మూడు గంటలు కూర్చున్నాను. ఆ మూడు గంటల గురించి స్టాఫ్ రూములో ముప్పై ఏళ్లు చెప్పాను.

గత జూన్‌లో మాకు కీబోర్డు డిప్లొమా మంజూరైంది. కీబోర్డులు మంజూరు కాలేదు. వాటి బదులు ఉత్తర్వులో ఒక వాక్యం వచ్చింది. "సంస్థయందు అందుబాటులోనున్న కంప్యూటర్లయందు తగిన సింథసైజర్ సాఫ్ట్‌వేరును ఎంపిక చేసుకొని బోధన సాగించవలెను." మా దగ్గర పది కంప్యూటర్లున్నాయి. ఇతర ఆఫీసుల వాళ్లు కొత్తవి తెచ్చుకున్నప్పుడల్లా పాతవాటిని పారేయడానికి మనసొప్పక మాకు పంపినవి. మా ప్రిన్సిపాల్ వేదవల్లి గారు వీణ విద్వాంసురాలు. ఏ సమస్య వచ్చినా కళ్లు మూసుకుని, కుడిచేతి వేళ్లతో బల్ల మీద కాస్త మీటి, "కమిటీ వేద్దామండీ" అంటారు. అలాగే అన్నారు. అధ్యక్షుడిగా ఎవరుండాలని అందరి వైపూ చూశారు. అందరూ నా వైపు చూశారు. నేను మొహమాటపడుతున్నట్టు నటించి ఒప్పేసుకున్నాను.

డిప్లొమాలో తొమ్మిది మంది చేరారు. వాళ్లలో వయసులో పెద్దది సలోమి. పదేళ్లుగా వాళ్ల చర్చిలో ఆదివారం ప్రార్థనకి కీబోర్డు వాయిస్తోంది. ఆ కీబోర్డు పిడుగుపాటుకి కాలిపోతే, బావగారి జిరాక్స్ షాపులో మూలపడ్డ ల్యాప్‌టాప్ తెచ్చుకుని, దాని మూత ఊడిపోకుండా రబ్బరుబ్యాండు వేసి, దాంట్లోంచే ఆర్గన్ మోగిస్తోంది. మొదటి రోజే నా దగ్గరికొచ్చింది.

"మాస్టారండీ, కమిటీ అంటున్నారు. అంత అవసరం లేదండి. తేలికపాటివి ఉంటాయండి, ఊరికే దొరుకుతాయి. నాది మనవాటి కంటే పాత డొక్కు, దాంట్లోనే సుబ్బరంగా మోగుతున్నాయి."

"ఎలా మోగుతున్నాయమ్మా?" అన్నాను, మూడు గంటల అనుభవం ఉన్న గొంతుతో.

"దాన్నుంచి ఎక్కువ ఆశించకూడదండి, అంతే. ఒకేసారి ముప్పై రెండు స్వరాలు పలకమంటే అది గిలగిల్లాడిపోద్ది. ఎనిమిది చాలని పెట్టేస్తానండి. పెద్ద హాల్లో వాయించినట్టు గుయ్యిమనే ప్రతిధ్వని ఉంటాది చూడండి, అది తీసేస్తాను. మిగతా పనులన్నీ ఆపేసి, ఆలోచించుకోడానికి దానికి కాస్త టైమిస్తాను. నొక్కిన తరవాత వెంట్రుకవాసి ఆలస్యంగా పలుకుద్ది గానీ, పలుకుద్ది."

ఇంత స్పష్టంగా ఎవరైనా చెబితే నాకు నచ్చదు. కమిటీకి పనేం మిగులుతుంది? "పరిశీలిస్తాం" అన్నాను. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. బడుల్లో సంగీతం టీచరు పోస్టులు పడుతున్నాయట. డిప్లొమా ఉంటే తప్ప దరఖాస్తు తీసుకోరు.

"వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోద్దండి. ఈ ఏప్రిల్లో పరీక్ష అయిపోవాల. అదొక్కటి చూడండి మాస్టారూ."

"ఏప్రిల్ దాకా ఎందుకు, దసరాకే తేల్చేస్తాను" అని మాటిచ్చాను. ఆ మాట నాకు చాలాకాలం గుర్తుంది. బాధ కలిగించేంత గుర్తుంది.

మొదటి సమావేశంలో సలోమి చెప్పిందంతా నేను కనిపెట్టినట్టు చెప్పి, అక్కడితో ఊరుకోవచ్చు గదా, ఊరుకోలేదు. లేచి నిలబడి, కండువా సర్దుకుని, "మనం ఎంపిక చేసే సాఫ్ట్‌వేరు మన కంప్యూటర్లలో అన్నిటికంటే పెద్దదానికి కూడా నప్పేదిగా ఉండాలి. పెద్దవాటిని గౌరవించని సంస్థ సంస్థే కాదు" అన్నాను. చప్పట్లు పడ్డాయి. ప్రిన్సిపాల్ గారు కళ్లు తెరిచారు. మా ఆఫీసు సూపరింటెండెంటు పేర్రాజు గారు ఆ వాక్యాన్ని మినిట్స్‌లో ఎర్ర సిరాతో రాసుకున్నారు.

"పెద్దది ఏదన్నది ఇదమిత్థంగా నిర్ధారించవలసి యున్నదండీ" అన్నారాయన. "సీనియారిటీ జాబితా లేకుండా ముందుకెళితే రేపు అభ్యంతరాలొస్తాయి."

"ఎవరి నుంచండీ?"

"అది జాబితా వేశాక తెలుస్తుంది."

తాత్కాలిక జాబితా నోటీసుబోర్డుకి అంటించాం. అభ్యంతరాలకి పదిహేను రోజులు గడువిచ్చాం. కంప్యూటర్లేవీ అభ్యంతరం చెప్పలేదు. అయినా మూడోదానికీ నాలుగోదానికీ పేచీ వచ్చింది. రెండూ ఒకే రోజు, ఒకే లారీలో దిగాయి. ముందు దిగింది సీనియరని నేనన్నాను. ముందు దిగిందంటే చివర ఎక్కిందని అర్థం, కాబట్టి అది జూనియరని పేర్రాజు గారన్నారు. నవంబరు నెల ఇందులో పోయింది. దసరా ఎప్పుడు వెళ్లిపోయిందో నేను చూసుకోలేదు.

తుది జాబితాలో మొదటి స్థానం పేర్రాజు గారి బల్ల మీది కంప్యూటరుకి దక్కింది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు పసుపు ముద్ద రంగులో ఉంది. దాని మీద ఆయన భార్య అల్లిన లేసు గుడ్డ ఉంటుంది. ఆయన దాన్ని "ఒకటో నంబరు గారు" అంటారు. పొద్దున ఆన్ చేసి, చేతులు కడుక్కుని, అగరొత్తి వెలిగించి, సంతకాలు పెట్టి వచ్చేసరికి అది మేలుకుంటుంది.

నియమం సులువు. ఏ సాఫ్ట్‌వేరైనా ముందు ఒకటో నంబరు గారికి చూపించాలి. ఆయన స్వీకరిస్తేనే మిగతావాటికి. మొదటి రెండింటినీ ఆయన లోపలికే రానివ్వలేదు. మూడోదాన్ని రానిచ్చి, నీలిరంగు తెర వేసుకుని పడుకున్నారు. ఆయన్ని లేపడానికి పట్టే పావుగంటలో మేమంతా టీ తాగేవాళ్లం. డిసెంబరంతా టీ తాగాం. సలోమి ఓ మూల స్టూలు మీద కూర్చుని గోడ గడియారం చూసేది. పాపం విసుగొస్తోందనుకున్నాను.

ఒకరోజు మేం టీలో ఉండగా లాబ్‌లోంచి ఆర్గన్ వినిపించింది. పరుగెత్తుకెళ్లాం. సలోమి పదో నంబరులో, అంటే జాబితాలో అందరికంటే చిన్నదాంట్లో, తన తేలికపాటి సాఫ్ట్‌వేరు వేసి వాయిస్తోంది. పిల్లలంతా చుట్టూ నిలబడ్డారు. ఎంత బాగుందంటే, నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ప్రిన్సిపాల్ గారి వేళ్లు చీర కుచ్చిళ్ల మీద తాళం వేశాయి. ఆ క్షణంలో నేను "ఇదే ఖాయం" అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"ఆపమ్మా" అన్నారు పేర్రాజు గారు. "ఒకటి నుంచి తొమ్మిది వరకూ మౌనంగా ఉండగా పదోది మోగడమేమిటి? మాస్టారూ, పెద్దవాటిని గౌరవించాలన్నది తమరి వాక్యమే. ఎర్ర సిరాలో ఉంది."

నా వాక్యమే. దాన్ని నేనెలా కాదనను? పదో నంబరుకి మెమో ఇచ్చాం. "జాబితాలో పై స్థానములలోని వారి కంటె ముందుగా మోగినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను." మూడు రోజులైనా అది తెలపలేదు. దాని తీగ ఊడదీసి, లక్క ముద్ర వేశాం. అధ్యక్షుడి హోదాలో ముద్ర నేనే నొక్కాను. వేలు కాలింది. సలోమి నా వేలికి పెట్టుకోమని కొబ్బరినూనె తెచ్చిచ్చింది. నాకు నిజంగా సిగ్గేసింది, కానీ సిగ్గుని మినిట్స్‌లో రాసుకునే పద్ధతి మాకు లేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత సలోమి మళ్లీ వచ్చింది. "మాస్టారండీ, సీనియర్లు రిటైరవుతారు కదండీ. ఒకటో నంబరు గారిని రిటైర్ చేసేస్తే?"

నాకు ఆ ఆలోచన అమోఘంగా నచ్చింది, వెంటనే నాదని చెప్పుకున్నాను. అనుమతి కోరుతూ ప్రాంతీయ కార్యాలయానికి ఉత్తరం రాసి, వీడ్కోలు సభ పెట్టాం. లేసు గుడ్డ మీద శాలువా కప్పాం. వేదవల్లి గారు వీణ మీద మంగళం వాయించారు. పేర్రాజు గారు మాట్లాడబోయి, లేసు గుడ్డ అంచు సర్ది, కూర్చుండిపోయారు. మర్నాడు ప్రాంతీయ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. "కంప్యూటర్ల పదవీ విరమణ వయస్సు ఎచటను నిర్ణయింపబడలేదు. కావున సదరు కంప్యూటరు యొక్క అనుభవమును దృష్టియందుంచుకొని, తదుపరి ఉత్తర్వుల వరకు సర్వీసు పొడిగించడమైనది." శాలువా తీయడానికి పేర్రాజు గారు ఒప్పుకోలేదు. అది సన్మానం కిందికి వచ్చిందట.

ఇక ఫిబ్రవరిలో ఏడో సాఫ్ట్‌వేరు దొరికింది. దానికి పియానో రాదు, ఆర్గన్ రాదు. కంప్యూటరు పెట్టె లోపలుండే చిన్న స్పీకరులోంచి 'కుయ్' మంటుంది, అంతే. పన్నెండూ యాభై ఏడుకి నేను ఒకటో నంబరు మీద 'స' నొక్కాను. ఏమీ వినపడలేదు. ఒంటిగంట అయింది, భోజనం బెల్లు కొట్టారు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర గుర్తొచ్చి లేవబోతుంటే 'కుయ్' మంది. శుద్ధమైన షడ్జమం. మేమంతా ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం.

"చిక్కొచ్చిందండీ" అన్నారు పేర్రాజు గారు. "నొక్కింది భోజనం బెల్లుకి ముందు, అంటే ఉదయం పూట; పలికింది మధ్యాహ్నం పూట. ఏ పూట కింద నమోదు చెయ్యమంటారు?"

"శబ్దం వచ్చిన సమయమే వాయించిన సమయం. అలా రాసుకోండి" అన్నాను. నా ధ్యాసంతా పులిహోర మీదుంది. ఆయన ఎర్ర సిరా తీశారు.

ఆ ఒక్క స్వరం పలికాక ఒకటో నంబరు గారు మళ్లీ పడుకున్నారు. మూడు సార్లు లేపి చూశాం. మూడు సార్లూ ఒక్కొక్క స్వరమే పలికారు. దాంతో సాఫ్ట్‌వేరు ఖాయమైంది, కొత్త సమస్య మొదలైంది. సీనియరు ఒక్క స్వరం పలికితే జూనియర్లు ఏడు పలకొచ్చా? కూడదని తీర్మానం అయింది. కంప్యూటరుకి ఒక స్వరం చొప్పున పంచాం. రెండు నుంచి తొమ్మిది వరకూ స, రి, గ, మ, ప, ద, ని, పై స. ఒకటో నంబరు గారికి గౌరవసూచకంగా మరో షడ్జమం. ఏ విద్యార్థికి ఏ కంప్యూటరన్నది కూడా పేర్రాజు గారే తేల్చారు. వయసులో పెద్ద విద్యార్థికి వయసులో పెద్ద కంప్యూటరు. అంటే సలోమికి ఒకటో నంబరు.

ఆవేళ ఆమె మొహం చూడలేకపోయాను. తొమ్మిది మందిలో వాయించడం వచ్చింది ఆమె ఒక్కతికే. ఆమె వేళ్ల కిందే పలకని కంప్యూటరు పెట్టాను. నా మాటతో, నా సంతకంతో, కండువా సర్దుకుని మరీ చేశాను ఈ పని.

"పరీక్షకి ఎంత టైమిస్తారండీ?" అని మాత్రం అడిగింది.

"మనిషికి రెండు నిమిషాలమ్మా."

"ఏ మీట నొక్కినా ఒకటో నంబరు కదలడానికి మూడు పడతాదండి. పొద్దున్నైనా, మధ్యాహ్నమైనా, సరిగ్గా మూడే. డిసెంబరు నుంచీ చూస్తన్నాను." వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, తలెత్తింది. "సర్లెండి, ఎప్పుడూ మూడే గదా. మా చర్చిలో వెనక స్పీకరు కూడా ఆలస్యమేనండి. మాటిమాటికీ మారితే కష్టం గానీ, ఒకేలా ఉంటే కలుపుకుపోవచ్చు."

నాకేమీ అర్థం కాలేదు. తల మాత్రం ఊపాను. ఆ సంవత్సరమంతా నేను బాగా చేసిన పని అదొక్కటే.

ఏప్రిల్లో పరీక్ష కోసం ఒకటో నంబరు గారిని శాలువాతో సహా లాబ్‌కి మోసుకొచ్చాం. పరీక్షాధికారి త్రివిక్రమరావు గారు ప్రాంతీయ కార్యాలయం నుంచి వచ్చారు. కూర్చోగానే నియమావళి తెరిచారు. "ప్రతి అభ్యర్థియు ఒక గీతమునందు పాల్గొనవలెను. విడి స్వరములు లెక్కకు రావు" అన్నారు. ఎనిమిది మంది పిల్లలూ బిక్కచచ్చి నా వైపు చూశారు. నేను పేర్రాజు గారి వైపు చూశాను. ఆయన ఒకటో నంబరు గారి శాలువా సర్దుతున్నారు.

సలోమి లేచింది. "అయ్యగారండీ, అందరం కలిసి ఒకే గీతం వాయించొచ్చా? పదకొండు బెల్లు కొట్టగానే మొదలెడతాం. రెండు నిమిషాల్లో అయిపోద్ది."

"నియమావళిలో నిషేధము కానరాదు" అన్నారాయన.

బెల్లుకి నిమిషం ముందు సలోమి ఒకటో నంబరు దగ్గరికెళ్లి, ఒక మీట మీద వేలు పెట్టి తీసింది. దుమ్ము తుడుస్తోందనుకున్నాను. తర్వాత గది మధ్యకి వచ్చి నిలబడింది. పదకొండు కొట్టారు. ఆమె వేలు ఎవరి వైపు చూపితే వాళ్లు నొక్కారు. కుయ్, కుయ్, కుయ్. మొదటి ఏడాది పిల్లలకి చెప్పే చిన్న గీతం. ఎనిమిది మంది, ఎనిమిది పాత పెట్టెలు, ఒక్కొక్కరిదీ ఒక్కొక్క స్వరం. సలోమి చేతులు గాలిలో ఎంత వేగంగా తిరిగినా ఎవరి వంతూ తప్పలేదు. పక్క గదుల్లో పాఠాలు ఆగిపోయాయి. వేదవల్లి గారు కళ్లు మూసుకున్నారు, ఈసారి కమిటీ కోసం కాదు.

గీతం చివరికొచ్చింది. చివరి షడ్జమం మిగిలింది. 'స' అమ్మాయి మీట మీద వేలు పెట్టబోతే సలోమి వద్దని చెయ్యి చూపించి, వెనక్కి తిరిగి, ఒకటో నంబరు గారి వైపు చెయ్యి చాపింది. అక్కడ ఎవరూ లేరు. శాలువా కింద నుంచి, సరిగ్గా తాళానికి, 'కుయ్' మంది.

నా కళ్లమ్మట నీళ్లొచ్చాయి. దాచుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో మా కళాశాలలో అంత సమయానికి జరిగిన పని ఇంకోటి లేదు.

త్రివిక్రమరావు గారు ఎనిమిది మందికీ మార్కులు వేసి, తొమ్మిదో పేరు దగ్గర ఆగారు. "ఈమె పరీక్షా సమయమునందు ఏ మీటను నొక్కియుండలేదు."

"నొక్కేనండి. పదీ యాభై తొమ్మిదికి."

"అప్పటికి పరీక్ష ప్రారంభము కాలేదు. కావున సున్న."

"ఆయ్, వాయించింది నేనేనండి" అంది సలోమి. "మాస్టారూ, మీరైనా చెప్పండి."

నేను నోరు తెరిచాను. ఏడాదిగా అక్కరలేని చోటల్లా తెరుచుకున్న నోరు, ఇప్పుడు మాట లేక అలాగే ఉండిపోయింది. అప్పుడు పేర్రాజు గారు దగ్గారు. ఒకటో నంబరు గారి పరువు పోతోందని ఆయన బాధ. ఒకటో నంబరు గారు పలికిన స్వరాన్ని ఎవరూ వాయించలేదంటే అర్థమేమిటి? మినిట్స్ పుస్తకం తెచ్చి, ఎర్ర సిరా పేజీ విప్పి, పరీక్షాధికారి ముందు పెట్టారు.

"తీర్మానం పద్నాలుగు. శబ్దము వచ్చిన సమయమే వాయించిన సమయముగా పరిగణింపబడును. అధ్యక్షుల వారి వాక్యం, వారి సంతకం."

త్రివిక్రమరావు గారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి నన్ను గౌరవంగా చూశారు. "ఎంత దూరదృష్టి!" అన్నారు. సలోమికి కాలేజీ మొత్తానికి మొదటి మార్కు వేశారు. నేను వినయంగా తల వంచుకున్నాను. పులిహోర సంగతి చెప్పలేదు.

మే నెలాఖరున నేను రిటైర్ కావాలి. కాలేదు. మా పద్ధతిని జిల్లాలన్నిటా ప్రవేశపెట్టే కమిటీకి నన్ను అధ్యక్షుణ్ణి చేస్తూ సర్వీసు పొడిగించారు. ఉత్తర్వులో రెండు పేర్లున్నాయి. మొదటిది ఒకటో నంబరు గారిది. రెండోది నాది. ఆయన సీనియరు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

సలోమికి ఉద్యోగం వచ్చింది. జులైలో వాళ్ల బడికి రమ్మని ఫోన్ చేస్తే వెళ్లాను. తాటాకు పందిరి కింద నాలుగు పాత కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ఇద్దరేసి పిల్లలు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, ఎవర్నీ అడక్కుండా, తన తేలికపాటి సాఫ్ట్‌వేరు నాలుగింట్లోనూ వేసేసిందట. ఆర్గన్ మోగుతోంది, వేణువు మోగుతోంది, ఒకమ్మాయి తప్పు వాయించి నవ్వుతోంది. నేను కండువా సర్దుకున్నాను. అలవాటు పోదు కదా, "వీటిలో సీనియరు ఏదమ్మా?" అని అడిగాను.

సలోమి కుర్చీ తెచ్చి, చీర చెంగుతో తుడిచి, నీడలో వేసింది.

"మీరేనండి మాస్టారూ. మీరు కూర్చోండి, అవి వాయించుకుంటాయి."